ప్రొపేన్: ఒంటరిగా పుట్టని ఇంధనం

సిలిండర్లలోనూ ట్యాంకుల్లోనూ విడిగా నింపి అమ్మే సరుకు కాబట్టి ప్రొపేన్‌కు తనదంటూ ఒక బావి, తనదంటూ ఒక నిక్షేపం ఉంటాయని అనుకోవడం సహజం. వాస్తవానికి అది భూమిలో ఎక్కడా ఒంటరిగా దొరకదు. సహజ వాయువులోనో ముడి చమురులోనో కలిసి ఉంటుంది. లేదంటే చమురు శుద్ధి కర్మాగారంలో పెద్ద అణువులను విరగ్గొట్టేటప్పుడు ముక్కగా రాలుతుంది. బావి తవ్వేవారి లెక్క మీథేన్ మీదో చమురు మీదో ఉంటుంది, రిఫైనరీ నడిపేవారి లెక్క పెట్రోలు, డీజిల్ మీద ఉంటుంది. ప్రొపేన్ వాటి వెంట వస్తుంది. దాన్ని వేరు చేసే యంత్రాలు ఆ తీరున ఎందుకు ఉన్నాయో, వేసవి అంతా దాన్ని నేల కింద ఎందుకు దాచిపెడతారో, కొన్ని చలికాలాల్లో దాని ధర ఎందుకు చేయి దాటిపోతుందో అర్థం కావాలంటే మొదట గ్రహించాల్సింది ఈ సంగతినే.

మూడు కర్బన పరమాణువుల గొలుసుకు ఎనిమిది హైడ్రోజన్ పరమాణువులు చేరితే ప్రొపేన్ అవుతుంది. ఒక కర్బనం తగ్గితే ఈథేన్, రెండు తగ్గితే మీథేన్, ఒకటి పెరిగితే బ్యూటేన్. గొలుసు పొడవు పెరిగే కొద్దీ మరుగు స్థానం పెరుగుతుంది: మీథేన్ మైనస్ 161 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఈథేన్ మైనస్ 89 దగ్గర, ప్రొపేన్ మైనస్ 42 దగ్గర, బ్యూటేన్ సున్నాకు అర డిగ్రీ దిగువన మరుగుతాయి. ప్రొపేన్‌కు వాడుకలో అంత విలువ రావడానికి ఈ వరుసలో దాని స్థానమే కారణం. మామూలు ఉష్ణోగ్రతలో ఎంత పీడనం పెట్టినా మీథేన్ ద్రవంగా మారదు. ముందు దాన్ని మైనస్ 82 డిగ్రీలకు దిగువకు చల్లబరచాలి. ఈథేన్‌కు ఆ హద్దు 32 డిగ్రీలు కనుక ఎండకు వేడెక్కిన ట్యాంకులో అదీ ద్రవంగా నిలవదు. ప్రొపేన్‌కు మాత్రం ఆ హద్దు 96 డిగ్రీల పైన ఉంది. 20 డిగ్రీల వద్ద వాతావరణ పీడనానికి ఎనిమిది రెట్లకు కాస్త మించిన ఒత్తిడిలో అది ద్రవంగా ఉండిపోతుంది, అందుకు మామూలు ఉక్కు పాత్ర చాలు. వాయువుగా ఉన్నప్పుడు ఆక్రమించే చోటులో దాదాపు 270వ వంతులో ఇమిడిపోతుంది. బ్యూటేన్‌ను ద్రవంగా ఉంచడం ఇంకా తేలికే గానీ, గడ్డకట్టే చలిలో అది ఆవిరై బర్నర్ దాకా రాదు. ఒత్తిడితో ద్రవంగా మారడం, వాల్వు తిప్పగానే ఎంతటి చలిలోనైనా దాదాపుగా ఆవిరై బయటికి రావడం, ఈ రెండు గుణాలూ ఒకే చోట కలిసింది ప్రొపేన్‌లోనే.

ఇది భూమిలో పుట్టే తీరు చమురు పుట్టే తీరుతో ముడిపడి ఉంది. సముద్రాల, సరస్సుల అడుగున బురదతో పాటు పూడుకుపోయిన నాచు, సూక్ష్మజీవుల అవశేషాలు పొరల బరువు కింద కెరోజెన్ అనే ఘన పదార్థంగా మారతాయి. ఆ పొర ఇంకా లోతుకు దిగి సుమారు 60 నుంచి 120 డిగ్రీల వేడికి చేరినప్పుడు చమురు తయారవుతుంది. అంతకు మించి వేడెక్కితే పొడవైన గొలుసులు తెగి ఈథేన్, ప్రొపేన్, బ్యూటేన్ మెండుగా ఉన్న వాయువు ఏర్పడుతుంది. దీన్ని తడి వాయువు అంటారు. 150 డిగ్రీలు బాగా దాటిన పొరల్లో ఆ చిన్న గొలుసులు కూడా నిలవవు, చివరికి మిగిలేది దాదాపుగా మీథేనే. అంటే భూగర్భంలో ప్రొపేన్ దక్కేది ఒక ఉష్ణోగ్రతల పట్టీలోనే. చిత్తడి నేలల్లో సూక్ష్మజీవులు తయారు చేసే వాయువులో అది ఉండీ లేనట్టుగానే ఉంటుంది. అందుకే బావి తవ్వేటప్పుడు డ్రిల్లింగ్ బురదతో పాటు పైకి వచ్చే వాయువును క్రొమటోగ్రాఫ్‌లో, అంటే మిశ్రమంలోని వాయువులను విడదీసి చూపే పరికరంలో పెట్టి కర్బనాల వారీగా చూస్తారు. అందులో ప్రొపేన్ తగినంతగా కనిపించిందంటే ఆ వాయువు లోతైన వేడిలో పుట్టిందనీ, దగ్గర్లో చమురుకు కూడా అవకాశం ఉందనీ భూగర్భ శాస్త్రవేత్తలకు ఒక సూచన అందినట్టే.

మనుషులకు ఇది మొదట ఒక చిక్కుగానే ఎదురైంది. ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త మార్సెలిన్ బెర్తెలో 1857లో దీన్ని ప్రయోగశాలలో గుర్తించాడు. 1864లో ఎడ్మండ్ రోనాల్డ్స్ పెన్సిల్వేనియా ముడి చమురులో కరిగి ఉన్నట్టు కనిపెట్టాడు. అయినా ఆ తర్వాత దాదాపు అర్ధ శతాబ్దం పాటు దానితో ఎవరికీ పని పడలేదు. మోటారు వాహనాలు పెరుగుతున్న రోజుల్లో సహజ వాయువు నుంచి పిండిన తేలికపాటి గ్యాసోలిన్ నిలవ ఉంచితే ఆవిరై పోతుండేది. అమెరికా గనుల బ్యూరోలో పనిచేసే వాల్టర్ స్నెల్లింగ్ 1910లో ఆ ఆవిరులను పరీక్షించి, వాటిలో ప్రొపేన్, బ్యూటేన్ ఉన్నాయని తేల్చాడు. వాటిని విడదీసి ద్రవంగా నింపే పద్ధతికి 1913లో పేటెంట్ పొందాడు. ఆ పేటెంట్‌ను చమురు వ్యాపారి ఫ్రాంక్ ఫిలిప్స్ 50,000 డాలర్లకు కొన్నాడు. గ్యాసోలిన్ స్థిరంగా ఉండాలంటే అందులోంచి తీసేయక తప్పని పదార్థమే ఆ విధంగా విడి సరుకైంది. నేటికీ సహజ వాయువు నుంచి ప్రొపేన్‌ను వేరు చేయడానికి తొలి కారణం అటువంటిదే. మీథేన్‌ను పైప్‌లైన్‌లో పంపాలంటే బరువైన హైడ్రోకార్బన్లను ముందే తొలగించాలి. లేకపోతే చల్లని చోట అవి గొట్టంలోనే ద్రవమై పేరుకుని కంప్రెసర్లను దెబ్బతీస్తాయి. పైగా వాయువు మండే శక్తి పైప్‌లైన్ ప్రమాణాన్ని మించిపోతుంది. ప్రొపేన్‌కు కొనేవాడు ఉన్నా లేకపోయినా కొంతవరకు దాన్ని బయటికి తీయాల్సిందే.

ప్రపంచంలో విడిగా అమ్ముడయ్యే ప్రొపేన్, బ్యూటేన్‌లలో ఎక్కువ భాగం సహజ వాయువు శుద్ధి కేంద్రాల నుంచి వస్తుంది, మిగిలింది రిఫైనరీల నుంచి. శుద్ధి కేంద్రంలో అసలు వేర్పాటుకు ముందు చాలా పని ఉంటుంది. బావి నుంచి వచ్చిన వాయువులోంచి నీరు, ఇసుక, ద్రవ చమురు తొలగించాక, అమైన్ ద్రావణంతో కడిగి హైడ్రోజన్ సల్ఫైడ్‌ను, కార్బన్ డయాక్సైడ్‌ను తీస్తారు. నీటి ఆవిరిని గ్లైకాల్‌తోనూ, ఆ తర్వాత మాలిక్యులర్ సీవ్ అనే సూక్ష్మ రంధ్రాల గుళికలతోనూ పీల్చేస్తారు. ఇక్కడ చూపే పట్టుదలకు కారణం ఉంది: ముందున్న యంత్రాలు మైనస్ 90 డిగ్రీల దగ్గర పనిచేస్తాయి, ఆ చలిలో లేశమాత్రం తేమ మిగిలినా మంచుగా, హైడ్రేట్లనే నీరూ వాయువూ కలిసిన మంచు లాంటి గడ్డలుగా గడ్డకట్టి దారులు మూసేస్తుంది. పాదరసపు జాడలను కూడా వదలరు. అతిశీతల విభాగంలోని ఉష్ణ వినిమయ పరికరాలు అల్యూమినియంతో చేసినవి, పాదరసం ఆ లోహాన్ని తినేస్తుంది. 1973లో అల్జీరియాలోని స్కిక్డాలో సహజ వాయువును ద్రవంగా మార్చే కర్మాగారంలో ఇటువంటి పరికరం దెబ్బతిన్నాకే ఈ ముప్పు పరిశ్రమకు పూర్తిగా తెలిసివచ్చింది.

శుభ్రపడిన వాయువు నుంచి ద్రవాలను రాబట్టే పద్ధతులు కాలంతో పాటు మారాయి. తొలి దశాబ్దాల్లో తేలిక నూనెలో వాయువును కలిపి, బరువైన అణువులు నూనెలోకి పోయాక ఆ నూనెను వేడిచేసి వాటిని తిరిగి తీసేవారు. 1960ల మధ్యకాలం నుంచి టర్బో ఎక్స్‌పాండర్ వచ్చి ఆ పద్ధతిని చాలావరకు పక్కకు నెట్టింది. ఇందులో ఎక్కువ పీడనంలో ఉన్న వాయువు ఒక చిన్న టర్బైన్ గుండా వ్యాకోచిస్తూ దాన్ని తిప్పుతుంది. అలా పని చేసిన వాయువు తన వేడిలో కొంత ఆ పనికే ఖర్చు చేసి హఠాత్తుగా చల్లబడుతుంది. బయటి నుంచి చలి తెచ్చి పెట్టినట్టు కాకుండా, వాయువు తన పీడనం నుంచే చలిని సృష్టించుకుంటుంది. టర్బైన్ ఇరుసుకే బిగించిన కంప్రెసర్, అక్కడ దొరికిన శక్తితో పైప్‌లైన్‌కు వెళ్లే మీథేన్‌ను మళ్లీ ఒత్తుతుంది. ఈ ఏర్పాటులోని పొదుపును ఎంత మెచ్చుకున్నా తక్కువే. ఆధునిక కేంద్రాలు వచ్చే వాయువులోని ప్రొపేన్‌లో 95 శాతానికి పైగా రాబట్టగలుగుతున్నది ప్రధానంగా దీని వల్లనే.

ఆ చలిలో ద్రవమైనది ఇంకా ఒక మిశ్రమమే: ఈథేన్, ప్రొపేన్, రెండు రకాల బ్యూటేన్లు, వాటికన్నా బరువైన సహజ గ్యాసోలిన్. అంతకు ముందే మీథేన్‌ను ఒక కాలమ్‌లో, అంటే నిలువు స్వేదన గోపురంలో, వదిలించి ఉంటారు. ఈ మిశ్రమాన్ని పైప్‌లైన్ ద్వారా అంశికీకరణ కేంద్రానికి, అంటే మరుగు స్థానాల తేడాతో భాగాలుగా విడదీసే చోటికి, పంపుతారు. అమెరికాలో టెక్సస్‌లోని మాంట్ బెల్వ్యూ, కాన్సస్‌లోని కాన్వే ఇందుకు ప్రసిద్ధి. అక్కడ వరసగా నిలిచిన కాలమ్‌లలో మొదటిది ఈథేన్‌ను పైనుంచి పంపేస్తుంది, రెండోది ప్రొపేన్‌ను తీస్తుంది, మూడోది బ్యూటేన్లను గ్యాసోలిన్ నుంచి విడగొడుతుంది.

రెండో కాలమ్ అయిన డీప్రొపనైజర్‌ను కాస్త దగ్గరగా చూడటం మంచిది, ప్రొపేన్ ప్రొపేన్‌గా తయారయ్యేది అక్కడే. నిలువెత్తు ఉక్కు గొట్టంలో అంతస్తులుగా పేర్చిన చిల్లుల పళ్లేలు ఉంటాయి. అడుగున రీబాయిలర్ ద్రవాన్ని వేడిచేసి ఆవిరిని పైకి పంపుతుంది. పైన కండెన్సర్ ఆ ఆవిరిని చల్లార్చి, ద్రవంలో కొంత భాగాన్ని తిరిగి కాలమ్‌లోకే వదులుతుంది. పైకి పోయే ఆవిరి, కిందికి జారే ద్రవం ప్రతి పళ్లెం మీదా కలుసుకుంటాయి. కలిసిన ప్రతిసారీ ఆవిరిలోని బ్యూటేన్ కొంత ద్రవంలోకి దిగిపోతుంది, ద్రవంలోని ప్రొపేన్ కొంత ఆవిరిలోకి లేస్తుంది. ఇదంతా వాతావరణ పీడనానికి సుమారు 17 రెట్ల ఒత్తిడిలో నడపడంలో ఒక ఉద్దేశం ఉంది. ఆ ఒత్తిడిలో ప్రొపేన్ 50 డిగ్రీల దగ్గర మరుగుతుంది కాబట్టి దాన్ని ద్రవంగా మార్చడానికి మామూలు గాలి, మామూలు నీరు చాలు, శీతలీకరణ యంత్రం అక్కర్లేదు. అడుగున మాత్రం ఉష్ణోగ్రత 100 డిగ్రీలు దాటుతుంది. కాలమ్ నడిపేవారి కన్ను పై భాగంలోని ఒక పళ్లెం ఉష్ణోగ్రత మీద ఉంటుంది. అది పెరిగిందంటే బ్యూటేన్ పైకి పాకుతున్నట్టు. వెంటనే పైనుంచి తిప్పి పంపే ద్రవాన్ని పెంచుతారు. అడుగున వేడి తగ్గిందంటే ప్రొపేన్ కిందికి జారిపోయి బ్యూటేన్ సరుకు ఆవిరి పీడనాన్ని పెంచేస్తుంది. ఎంత స్వచ్ఛత కావాలన్నది ఎంత ఇంధనం కాల్చడానికి సిద్ధపడతారన్న దానిపై ఆధారపడుతుంది కనుక, అవసరానికి మించిన స్వచ్ఛత కోసం ఎవరూ ప్రయత్నించరు. అమెరికాలో ఇంధనపు ప్రొపేన్‌కు వాడే హెచ్‌డీ-5 ప్రమాణం కూడా కనీసం 90 శాతం ప్రొపేన్ ఉంటే ఒప్పుకుంటుంది.

రిఫైనరీలో కథ వేరు. ముడి చమురులో కరిగి ఉన్న ప్రొపేన్ కొద్దిపాటిదే. తొలి స్వేదన కాలమ్ పైనుంచి అది వెలువడుతుంది. అక్కడ ఎక్కువ భాగం కొత్తగా పుట్టేదే. బరువైన నూనెను 500 డిగ్రీలకు పైబడిన వేడిలో జియొలైట్ ఉత్ప్రేరకంతో విరగ్గొట్టే ఫ్లూయిడ్ కెటలిటిక్ క్రాకింగ్ యూనిట్, హైడ్రోజన్ సమక్షంలో విరగ్గొట్టే హైడ్రోక్రాకర్, గ్యాసోలిన్ ఆక్టేన్ పెంచే రిఫార్మర్, అడుగు మడ్డిని కోక్‌గా మార్చే యూనిట్, అన్నీ ఎంతో కొంత ప్రొపేన్‌ను రాలుస్తాయి. అయితే క్రాకింగ్ యూనిట్ నుంచి వచ్చే మూడు కర్బనాల ప్రవాహంలో ప్రొపేన్ కన్నా రెండు హైడ్రోజన్లు తక్కువున్న ప్రొపిలీనే సాధారణంగా ఎక్కువ. ప్లాస్టిక్ పరిశ్రమకు కావాల్సింది ప్రొపిలీన్. ఈ రెండింటి మరుగు స్థానాల మధ్య తేడా సుమారు ఐదున్నర డిగ్రీలే కావడంతో వాటిని విడదీయడానికి 100కు పైగా, చాలాచోట్ల 150 దాటిన పళ్లేల కాలమ్ కావాలి. రిఫైనరీలో అన్నిటికన్నా ఎత్తుగా నిలిచే గోపురం తరచుగా అదే. ప్రొపిలీన్ కోసం కట్టిన ఆ కాలమ్ అడుగున ప్రొపేన్ మిగులుతుంది. ఇక్కడ కూడా అది వెంట వచ్చిన సరుకే. ధర మరీ పడిపోయినప్పుడు కొన్ని రిఫైనరీలు దాన్ని అమ్మకుండా సొంత కొలుముల్లోనే కాల్చేసుకుంటాయి.

చమురుతో వచ్చిన ప్రొపేన్‌లో గంధకపు సమ్మేళనాలుంటాయి. హైడ్రోజన్ సల్ఫైడ్‌ను అమైన్‌తో, మెర్కాప్టాన్లనే ఘాటు వాసన గల గంధకపు సమ్మేళనాలను కాస్టిక్ సోడాతో కడుగుతారు. ఇలా వాసన వచ్చే పదార్థాలన్నీ తొలగించిన తర్వాత, అమ్మకానికి పంపే ముందు, ఇథైల్ మెర్కాప్టాన్ అనే ఘాటైన వాసన పదార్థాన్ని మళ్లీ కలుపుతారు. మొదటివి ఎంత ఉంటాయో తెలియనివి, లోహాన్ని తినేవి. రెండోది కొలిచి కలిపేది. అమెరికాలో 10,000 గ్యాలన్లకు ఒక పౌండు కలపడం వాడుకలో ఉన్న కొలత. 1937 మార్చిలో టెక్సస్‌లోని న్యూ లండన్ పాఠశాలలో వాసన లేని వాయువు నేలమాళిగలో పేరుకుని పేలిపోయి దాదాపు 300 మంది, ఎక్కువగా పిల్లలు, చనిపోయారు. గ్యాసోలిన్ తీయగా మిగిలిన సహజ వాయువు అది. అమెరికాలో ఇంధన వాయువులకు వాసన కలపడాన్ని చట్టం తప్పనిసరి చేయడం ఆ దుర్ఘటన తర్వాతే మొదలైంది. ప్రొపేన్ విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం, ఎందుకంటే దాని ఆవిరి గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు. లీకైతే పైకి ఎగిరిపోకుండా నేల వెంట పాకి పల్లపు చోట్ల నిలుస్తుంది. గాలిలో సుమారు 2 శాతం చేరితే చాలు, నిప్పు అంటుకుంటుంది.

ఇంతవరకు చెప్పిన ఉత్పత్తి మార్గాలలో ఏ ఒక్కటీ ప్రొపేన్ గిరాకీని బట్టి నడవదన్నది గమనించాలి. గ్యాస్ కేంద్రంలో ఈథేన్ విషయంలో కొంత వెసులుబాటు ఉంది, ధర లేనప్పుడు దాన్ని మీథేన్‌లోనే వదిలేయవచ్చు. ప్రొపేన్‌కు ఆ వీలు తక్కువ. అమెరికాలో 2009 తర్వాత సహజ వాయువు ధర పడిపోయినప్పుడు షేల్ అనే బిగువైన రాతిపొరల నుంచి వాయువు తీసే తవ్వకందారులు తడి వాయువు దొరికే ప్రాంతాలకు తరలివెళ్లడం దీనికి కొంత మినహాయింపుగా కనిపిస్తుంది. అప్పుడు కూడా వారు వెళ్లింది ద్రవాలన్నిటి మొత్తం రాబడి కోసం, ప్రొపేన్ ఒక్కదాని కోసం కాదు. ఆ మార్పుతోనే అమెరికా 2010ల తొలినాళ్లలో ప్రొపేన్ దిగుమతిదారు స్థానం నుంచి నికర ఎగుమతిదారుగా మారింది. గల్ఫ్ దేశాల్లో ప్రొపేన్ ముడి చమురుతో పాటు వచ్చే వాయువు నుంచి కూడా దండిగా వస్తుంది కాబట్టి, చమురు ఉత్పత్తికి కోత పెట్టాలని నిర్ణయించినప్పుడల్లా ప్రొపేన్‌కూ కోత పడుతుంది. అలా కోత పెట్టేవారి దృష్టిలో ప్రొపేన్ ఉండదు.

ఉత్పత్తి ఏడాది పొడవునా దాదాపు ఒకే తీరున సాగుతుంటే వాడకం చలికాలంలో ఎగబాకుతుంది. ఈ రెండింటి మధ్య తేడాను నిల్వే పూడ్చాలి. మాంట్ బెల్వ్యూ అంత పెద్ద కేంద్రం కావడానికి కారణం దాని కింద ఉన్న ఉప్పు గుమ్మటం. ఉప్పు పొరలోకి నీటిని పంపి కరిగిస్తే గుహ ఏర్పడుతుంది. అందులో ప్రొపేన్‌ను ద్రవంగా నింపుతారు. కావాల్సినప్పుడు కిందికి ఉప్పునీటిని వదిలితే తేలికైన ప్రొపేన్ పైకి వస్తుంది. మంచినీరు వదిలితే గుహ గోడలు ఇంకా కరిగిపోతాయి కనుక పక్కనే చెరువుల్లో ఉప్పునీటిని నిల్వ ఉంచుకోవాలి.

నిల్వ ఉన్నా, అది ఉండాల్సిన చోట లేకపోతే ఏమవుతుందో 2013-14 చలికాలం చూపింది. 2013 శరదృతువులో అమెరికా మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో మొక్కజొన్న పంట భారీగా, ఆలస్యంగా, తడిగా చేతికొచ్చింది. గింజ ఆరబెట్టే యంత్రాలన్నీ ఒకేసారి ప్రొపేన్‌ను తాగేశాయి. కెనడా నుంచి వచ్చే కోచిన్ పైప్‌లైన్ మరమ్మతుల కోసం ఆ సమయంలోనే కొంతకాలం ఆగింది. అమెరికా దక్షిణాన ఉన్న గల్ఫ్ తీరం నుంచి ఎగుమతులు పెరుగుతున్నాయి. ఈ స్థితిలో 2014 జనవరిలో ధ్రువపు చలి విరుచుకుపడటంతో కాన్వేలో టోకు ధర గ్యాలన్‌కు 4 డాలర్లు దాటింది. టెక్సస్‌లో సరుకు ఉంది గానీ, ఉత్తరానికి పోయే గొట్టాల్లో చోటు లేదు. చివరికి ఫిబ్రవరిలో ఫెడరల్ ఎనర్జీ రెగ్యులేటరీ కమిషన్ తన అత్యవసర అధికారాన్ని వాడి, ఒక పైప్‌లైన్ సంస్థ మిగతా సరుకులకన్నా ప్రొపేన్‌కే ముందు దారి ఇవ్వాలని ఆదేశించాల్సి వచ్చింది. అంత గిరాకీ ఉన్నా, అంత ధర పలికినా, ఆ నెలల్లో ప్రొపేన్ ఉత్పత్తిని చెప్పుకోదగ్గంత పెంచడం ఎవరి చేతిలోనూ లేదు. ధర పెరిగితే ఉత్పత్తి పెరుగుతుందన్న మామూలు సూత్రం ఇక్కడ ఎంత బలహీనమో విధానాలు రూపొందించేవారు గుర్తించి తీరాలి. ముందుగా నిల్వ చేసుకోవడం తప్ప దీనికి మరో రక్షణ కనిపించదు.

చమురు అవసరం తగ్గితే ప్రొపేన్ ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు ఇప్పుడున్న జవాబుల్లో పునరుత్పాదక ప్రొపేన్ ఒకటి. వృక్ష నూనెలను, జంతువుల కొవ్వులను హైడ్రోజన్‌తో శుద్ధి చేసి డీజిల్ తయారు చేసే కర్మాగారాల్లో ఇది దొరుకుతుంది. కొవ్వు అణువులో మూడు పొడవైన ఆమ్ల గొలుసులను పట్టి ఉంచే గ్లిసరాల్ వెన్నెముకకు ఉన్నవి మూడే కర్బనాలు. హైడ్రోజన్ ఆ బంధాలను తెంపి ఆక్సిజన్‌ను తొలగించినప్పుడు గొలుసులు డీజిల్ అవుతాయి, వెన్నెముక ప్రొపేన్ అవుతుంది. రసాయనికంగా ఇది బావి నుంచి వచ్చిన ప్రొపేన్ కంటే ఏ విధంగానూ భిన్నం కాదు, అవే ట్యాంకుల్లో అవే బర్నర్లలో వాడుకోవచ్చు. ఫిన్లాండ్‌కు చెందిన నెస్టే సంస్థ 2018లో రోటర్‌డామ్‌లో దీన్ని వేరు చేసే యూనిట్‌ను ప్రారంభించింది. అయితే అణు భారాల లెక్క ప్రకారం కొవ్వు బరువులో సుమారు 5 శాతం మాత్రమే వెన్నెముక నుంచి ప్రొపేన్‌గా రాగలదు. ఆ కర్మాగారాలను కట్టేది డీజిల్ కోసం, ఇటీవల విమాన ఇంధనం కోసం. విమాన ఇంధనానికి గొలుసులను ఇంకా చిన్నవిగా తెంపాలి కాబట్టి ఆ మార్గంలో తేలిక వాయువులు కొంత అదనంగా వస్తాయి, వాటిలో ప్రొపేన్ కూడా ఉంటుంది. ఆ అదనం ఎంతన్నది మళ్లీ విమాన ఇంధనానికి ఉన్న గిరాకీయే నిర్ణయిస్తుంది.